యిన్-యాంగ్: సమతుల్యమా, వంతులా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. చైనా తత్త్వం మీద చిన్న వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. జోస్యానికి వాడే ప్రాచీన చైనా గ్రంథం ‘యీ చింగ్’కు అనుబంధంగా ఉన్న పెద్ద వ్యాఖ్యలోంచి ఏడక్షరాల వాక్యం అందులో వస్తుంది: “యీ యిన్ యీ యాంగ్ చి వెయ్ తావో”. (యిన్ అంటే నీడ పక్క, యాంగ్ అంటే ఎండ పక్క, తావో అంటే దారి.) దీనిని “యిన్-యాంగ్‌ల సమతుల్యమే తావో” అని రాసి చూశాను. చప్పగా ఉంది. “కలిమి లేములు కావడి కుండలు” అన్న సామెతను ఆసరా చేసుకుని రాస్తే తెలుగుదనం వస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

ముందు ఆ కావడిని దించండి. కావడిలో రెండు కుండలూ ఒకేసారి భుజం మీద ఉంటాయి, సమంగా తూగితేనే నడక సాగుతుంది. ఈ వాక్యం చెప్పేది అది కాదు. ఇందులో సమతుల్యం అన్న మాటే లేదు. ఈ వాక్యంలో ‘యీ’ అంటే ఒకటి. ఒకటి యిన్, ఒకటి యాంగ్, దీనినే తావో అంటారు. అంతే.

కిటుకంతా రెండుసార్లు పడిన ఆ ‘ఒకటి’లో ఉంది. పాత చైనా భాషలో ఇలా చెబితే ‘ఒకసారి ఇది, ఒకసారి అది’ అని అర్థం. అనుమానం ఉంటే అదే వ్యాఖ్యలో కొంచెం ముందుకు వెళ్లి చూడండి. తలుపు గురించి ఒక మాట ఉంది: ఒకసారి మూసుకోవడం, ఒకసారి తెరుచుకోవడం, దీనినే మార్పు అంటారు. అక్కడా అవే రెండు ‘యీ’లు. సగం మూసి సగం తెరిచి ఉంచిన తలుపు గురించి కాదు ఆ మాట. మరోచోట ఇంకా విప్పి చెప్పారు. సూర్యుడు వెళితే చంద్రుడు వస్తాడు, చంద్రుడు వెళితే సూర్యుడు వస్తాడు, ఒకరినొకరు నెట్టుకుంటేనే వెలుగు పుడుతుంది. చలి వెళితే వేడి వస్తుంది, వేడి వెళితే చలి వస్తుంది, ఒకదానినొకటి నెట్టుకుంటేనే ఏడాది పూర్తవుతుంది. చలినీ వేడినీ కలిపి ఏడాది పొడవునా గోరువెచ్చగా ఉంచాలని ఎవరూ అనలేదు.

అందుకే నా సూచన ‘వంతు’. మనకు వంతు అంటే భాగం (మూడో వంతు, నాలుగో వంతు), తడవ కూడా (ఇప్పుడు నీ వంతు). ఆ ‘యీ’ని రెండు రకాలుగానూ చదివినవాళ్లున్నారు. “ఒక వంతు యిన్, ఒక వంతు యాంగ్: ఇదే తావో” అని రాస్తే రెండు అర్థాలూ దక్కుతాయి.

ఇక యిన్, యాంగ్ అన్న మాటలు. వీటిని వెంటనే ఆడ-మగ అనో, మంచి-చెడు అనో చేసేస్తుంటారు. ఆడ-మగ అన్నది తర్వాత పెరిగిన అర్థాల్లో ఒకటి. మంచి-చెడు అయితే శుద్ధ తప్పు. మొదట్లో ఇవి కొండకు సంబంధించిన మాటలు: నీడ పడే పక్క యిన్, ఎండ పడే పక్క యాంగ్. చైనాలో ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి కొండకు దక్షిణం యాంగ్, ఉత్తరం యిన్. నదికి ఇది తిరగబడుతుంది. లోయలో ఉత్తరపు ఒడ్డు దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది కదా, అందుకని అది యాంగ్. ఊళ్ల పేర్లలో ఈ లెక్క ఇప్పటికీ కనిపిస్తుంది. ల్వోయాంగ్ నగరానికి ఆ పేరు ల్వో నది ఉత్తరపు ఒడ్డున వెలిసినందుకే. హ్వా పర్వతానికి ఉత్తరాన ఉన్న ఊరు హ్వాయిన్. యాంగ్‌ట్సీ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది చ్యాంగ్‌యిన్. (యాంగ్‌ట్సీలోని ‘యాంగ్’ వేరే అక్షరం, దాన్ని ఇందులోకి లాగకండి.)

నేటి చైనా భాషలోనూ ఇవి రోజువారీ మాటలే. మబ్బు పట్టిన రోజు యిన్ రోజు. ఇంటి బాల్కనీ పేరులో యాంగ్ ఉంది. రసాయనశాస్త్రంలో మనం ధన అయాన్, ఋణ అయాన్ అంటుంటే వాళ్లు యాంగ్ అయాన్, యిన్ అయాన్ అంటారు. మనం సొమ్మూ అప్పూ లెక్క తెచ్చాం, వాళ్లు ఎండా నీడా తెచ్చారు. 2022 చివర్లో కోవిడ్ అక్కడ ఒక్కసారిగా వ్యాపించినప్పుడు, పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లను ‘యాంగ్ అయ్యారు’ అన్నారు. గొర్రెకూ అదే ఉచ్చారణ కావడంతో జోకులూ పుట్టాయి.

అభ్యంతరం

మీ తలుపు ఉదాహరణ బాగుంది కానీ, చైనా వైద్యం సంగతేమిటి? అక్కడ యిన్-యాంగ్‌ల సమతుల్యం తప్పితే రోగం అంటారు. ఆ మాట మనం పుట్టించింది కాదు, అక్కడివారే అంటున్నారు. అలాంటప్పుడు సమతుల్యాన్ని పూర్తిగా తోసేయడం అతి కాదా?

జవాబు

నిజమే, అంటారు. ఇప్పటి చైనా భాషలో దానికి వాడే ‘ఫింగ్‌హంగ్’లో హంగ్ అంటే త్రాసు దండెమే. నేను కాదనేది ఈ వాక్యంలోకి ఆ త్రాసును తేవడాన్ని. ఆ వైద్యానికి మూలమైన ప్రాచీన గ్రంథంలో కూడా త్రాసు ముల్లు కదలకుండా నిలవాలని లేదు. వసంతంలో, వేసవిలో యాంగ్‌ను పోషించు, శరత్తులో, చలికాలంలో యిన్‌ను పోషించు అని ఉంది. అంటే ఆరోగ్యం కూడా కాలాన్ని బట్టి వంతులు మారేదే. యిన్ మీద యిన్ పేరుకుంటే యాంగ్ అయి తీరుతుందని, యాంగ్ మీద యాంగ్ పేరుకుంటే యిన్ అయి తీరుతుందని కూడా అందులోనే ఉంది. ‘సమతుల్యం’ అనగానే తెలుగు పాఠకుడికి కదలని ముల్లు కళ్లముందు మెదులుతుంది. నా భయం అదొక్కటే.

మరొకరు

కావడి వద్దనుకుంటే “పెరుగుట విరుగుట కొరకే” ఉంది కదా! అచ్చంగా సరిపోతుంది.

జవాబు

మంచి సామెత గుర్తుచేశారు. అయితే అది ఈ వాక్యానికి కాదు, ‘వు చీ పి ఫన్’ అనే నాలుగక్షరాల చైనా నానుడికి సరిపోతుంది: ఏదైనా అంచు దాకా వెళితే వెనక్కి తిరగక తప్పదు అని దాని అర్థం. అక్కడ కూడా సగమే. మన సామెత విరగడం దాకా వచ్చి ఆగుతుంది. విరిగినది మళ్లీ పెరుగుతుందని అనదు. విర్రవీగేవాడిని హెచ్చరించే గొంతు అది. చైనా నానుడి కింద పడ్డవాడికి కూడా వర్తిస్తుంది.

‘యీ చింగ్’లో ఈ మలుపు ఎలా పని చేస్తుందో నాణేలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆ గ్రంథంలో మొత్తం 64 గీతల చిత్రాలు, ఒక్కొక్కదానిలో ఆరు గీతలు. నిండు గీత యాంగ్, మధ్యలో తెగిన గీత యిన్. గీతకొకసారి చొప్పున మూడు నాణేలు ఆరుసార్లు వేస్తారు. బొమ్మ పడితే 3, బొరుసు పడితే 2 అనుకుందాం. కూడితే 6, 7, 8, 9లలో ఏదో ఒకటి వస్తుంది. 7 పడుచు యాంగ్, 8 పడుచు యిన్, ఇవి ఉన్నచోటే ఉంటాయి. 9 ముసలి యాంగ్, అది తెగిన గీతగా మారిపోతుంది. 6 ముసలి యిన్, అది నిండు గీత అవుతుంది. 9 రావాలంటే మూడూ బొమ్మే పడాలి, 6 రావాలంటే మూడూ బొరుసే పడాలి. అంటే నాణేలన్నీ ఒకే పక్కకు ఒరిగినప్పుడే గీత మారుతుంది. రెండొకటిగా చీలినప్పుడు మారదు. జోస్యంలో నాకు నమ్మకం లేదు కానీ ఈ లెక్క పెట్టినవాడి తెలివికి మాత్రం దండం పెడతాను.

ఆ 64 చిత్రాల్లో ఒకటి చూడండి. 24వది, పేరు ‘ఫు’, తిరిగి రావడం. పైన అయిదూ తెగిన గీతలు, అట్టడుగున ఒక్క నిండు గీత. దీనిని రాత్రి అన్నిటికంటే పొడుగ్గా ఉండే డిసెంబరు అయనాంతంతో ముడిపెట్టారు. ఆ రోజున ఒక యాంగ్ పుడుతుంది అంటారు. తమాషా ఏమిటంటే, అసలు చలి అప్పటికింకా రాలేదు. ఉత్తర చైనాలో ఆ రోజు నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది విడతలు, అంటే 81 రోజులు లెక్కపెడతారు. ఎముకలు కొరికే చలి మూడో విడతలో అంటారు. యాంగ్ పుట్టాక చలి ముదురుతుందన్నమాట. ఈ ఆలస్యాన్ని మన సామెత పట్టుకోలేదు, కావడి అసలే పట్టుకోలేదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ‘వంతు’ ఖాయం చేస్తున్నాను. ఇంకొక్క సందేహం: తావో అని రాయాలా, దావో అనా? కొందరు దావో అంటే మన ‘దారి’యే అని కూడా అన్నారు.

జవాబు

అర్థంలో దారే, పుట్టుకలో కాదు. తావో అంటే ‘తావు’, దావో అంటే ‘దారి’ గుర్తుకొస్తాయి, రెండూ కాకతాళీయమే. దయచేసి ఎవరూ దీని మీద కొత్త చర్చ తెరవకండి.

రాతకు నా ఓటు తావోకే. చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించిన రోమన్ లిపి పద్ధతిలో అక్కడ ‘డి’ అక్షరం వాడతారు, దాన్ని చూసి మనం ‘ద’ రాస్తున్నాం. చైనావారి నోట వినిపించేది ఒత్తు లేని, నాదం లేని ధ్వని. తెలుగు ‘త’ దానికి బాగా దగ్గర. ఒత్తి పలికే ధ్వనికి మన ‘థ’ ఉంది. ఇంగ్లిషు అక్షరమాలకు లేని ఈ సౌకర్యం మనకుంది, దాన్ని వదులుకోవడం దేనికి? ఆ లెక్కన తావో గురించిన ప్రాచీన గ్రంథం పేరును కూడా ‘తావో తె చింగ్’ అని రాయండి. ‘యిన్’ను మాత్రం ‘ఇన్’ చేయకండి, పక్కన యాంగ్ ఉన్నప్పుడు ఆ జంట చెదిరిపోతుంది.