అణు వ్యర్థాలను బంధించే గాజు నీటికి తట్టుకుంటుందా?

ప్రశ్న (దేవరకొండ):
లంబాపూర్, పెద్దగట్టు యురేనియం నిక్షేపాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా ఇంటర్ విద్యార్థులు రియాక్టర్ వ్యర్థాల సంగతి అడుగుతున్నారు. వాటిలోని ద్రవ వ్యర్థాన్ని గాజుగా మార్చి స్టీలు డబ్బాల్లో భద్రపరుస్తారని చెప్పాను గానీ, స్ఫటికంలాంటి క్రమమైన అమరిక లేని గాజు సీజియం, స్ట్రాన్షియం వంటి రేడియోధార్మిక మూలకాలను ఎలా పట్టి ఉంచుతుందో ఎవరైనా వివరించగలరా?

జవాబు (నల్లగొండ):
సార్, ఆ అమరిక లేకపోవడమే ఇక్కడ కలిసొచ్చే గుణం. స్ఫటికంలో ఒక్కో స్థానానికి తగిన పరిమాణం గల అయానే ఇముడుతుంది. వ్యర్థాల్లోనేమో పదుల రకాల మూలకాలుంటాయి. ఇందుకు వాడే బోరోసిలికేట్ గాజులో (బోరాన్, సిలికాన్ ఆక్సైడ్లు ముఖ్యంగా ఉండే గాజు) ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరి చతుర్ముఖిగా ఏర్పడతాయి, ఆ చతుర్ముఖులు మూలల్లోని ఆక్సిజన్ల ద్వారా ఒకదానికొకటి ముడిపడతాయి. నాలుగు ఆక్సిజన్లతో కూడిన బోరాన్ వద్ద ఋణావేశం మిగులుతుంది కనుక, దాన్ని తటస్థం చేస్తూ సోడియం, సీజియం అయాన్లు పక్కనే నిలుస్తాయి. సీజియం ఆ విధంగా నిర్మాణంలోనే భాగమవుతుంది.

జవాబు (వనపర్తి):
అన్నీ అంత సులువుగా ఇమడవు. సల్ఫేటు, మాలిబ్డినం ఎక్కువైతే వేరే పొరగా విడిపోతాయి. ముంబయిలోని ట్రాంబే అణు కేంద్రంలో సల్ఫేటు గల వ్యర్థాలకు బేరియం బోరోసిలికేట్ గాజును ఎంచుకున్నది అందుకే.

ప్రశ్న (దేవరకొండ):
మరి నీరు తగిలితే?

జవాబు (నల్లగొండ):
మొదట పైపొరలోని సోడియం బయటికి పోయి హైడ్రోజన్ అయాన్లు లోపలికి వస్తాయి, ఆపై సిలికా బంధాలు తెగుతాయి. నీరు నిలిచి ఉంటే అందులో సిలికా పేరుకుని, గాజుపై జెల్ పొర ఏర్పడి, క్షయం వేగం బాగా పడిపోతుంది. ఈ నెమ్మది దశ శాశ్వతమని మాత్రం నేననను. జియోలైట్ (సిలికాన్, అల్యూమినియం గల ఒక రకం ఖనిజం) స్ఫటికాలు పుడితే వేగం మళ్లీ పెరగవచ్చు.