కృష్ణలో నీటికుక్కలు: వల కాపాడుకునే దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అవతలి ఒడ్డు, సీతానగరం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన జమ్ము దగ్గర నీటికుక్కల గుంపు తిరుగుతోంది. ఒడ్డున ఎప్పుడూ ఒకే బండ మీద పెంట వేస్తాయి. దాన్నిండా చేప పొలుసులు, పీత చిప్పల ముక్కలు. వాసన దూరానికే కొడుతుంది.

ఇవి గుంపుగా వరుస కట్టి చేపల్ని తరుముతాయి. మునిగినప్పుడు ముక్కు, చెవులు మూసుకుంటాయి. బురదనీళ్లలోనూ మీసాలతోనే చేప కదలిక పసిగడతాయి. ఎంత నేర్పున్నా వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతాయి, నా భయమంతా అదే.

మా బాబాయి రాత్రిపూట వల వేస్తాడు. పడిన చేపల కోసం అవి వల కొరికేస్తున్నాయి. నష్టం చిన్నది కాదు, ఆయన కోపంలో న్యాయముంది. పక్కవాళ్లు ఉచ్చు పెడదామంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని చెప్పి ఇప్పటికి ఆపాను.

గోదావరి, కొల్లేరు వైపు వల వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాత్రి మానేసి పగలు వేస్తే నయమా? దీపం పెడితే బెదురుతాయా, నాలుగు రోజులకే అలవాటు పడిపోతాయా? గట్టులో ఒక బొరియ కూడా ఉంది, లోపల సన్నగా కీచుమంటున్నాయి. పిల్లలే అయితే అటు పడవలు తిప్పకుండా ఎన్నాళ్లు ఆగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.