హాబ్స్ సెంచరీలు 197 ఆ, 199 ఆ?

ప్రశ్న
రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్ కౌంటీల్లో ఆడిన పెద్ద బ్యాట్స్‌మెన్ అంకెలతో పట్టిక వేస్తున్నాను. సర్రే జాక్ హాబ్స్ దగ్గరే చిక్కొచ్చింది. ఫస్ట్‌క్లాస్ (కౌంటీ, టెస్టు స్థాయి పెద్ద మ్యాచ్‌ల) సెంచరీలు ఒకచోట 197, ఇంకోచోట 199. యార్క్‌షైర్ సట్‌క్లిఫ్‌కూ అంతే: 149, 151. హామండ్ (167), హెండ్రెన్ (170)లకు ఈ బాధ లేదు. ఏది వేయమంటారు?

జవాబు 1
ఆ తేడాకు మూలం మన విజయనగరమండీ! 1930-31లో ఎం.సి.సి. (అప్పట్లో ఇంగ్లండ్ జట్లను విదేశాలకు పంపిన క్లబ్) భారత పర్యటన రద్దయింది. అప్పుడు విజయనగరం మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు, అదే విజ్జీ, సొంతంగా జట్టు కట్టి, హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ రప్పించి భారత్‌లో, సిలోన్‌లో ఆడించారు. తగువులో ఉన్న సెంచరీలు ఆ పర్యటనవే, చెరి రెండు. ఏది ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ అన్నదానికి అంతర్జాతీయ నిర్వచనం 1947 దాకా లేదు. అందుకే విజ్డెన్ (ఇంగ్లండ్‌లో ఏటా వచ్చే క్రికెట్ రికార్డుల పుస్తకం) ఆ మ్యాచ్‌లను కలపలేదు, క్రికెట్ స్టాటిస్టిషియన్ల సంఘం తర్వాత కలిపింది. హామండ్, హెండ్రెన్ ఆ జట్టులో లేరు కాబట్టి వాళ్ల అంకెలు కదల్లేదు.

జవాబు 2
ఏది వేసినా పర్లేదు, వరుస మొత్తం ఒకే లెక్కలోంచి తీసుకోండి. హాబ్స్‌కు విజ్డెన్ లెక్క: 1,315 ఇన్నింగ్స్, 106 నాటౌట్లు, 61,237 పరుగులు, సగటు 50.65, సెంచరీలు 197. రెండో లెక్క, అంటే స్టాటిస్టిషియన్ల సంఘానిది: 1,325 ఇన్నింగ్స్, 107 నాటౌట్లు, 61,760 పరుగులు, సగటు 50.70, సెంచరీలు 199. పరుగులు రెండోదాంట్లోంచి, ఇన్నింగ్స్ మొదటిదాంట్లోంచి ఎత్తితే సగటు 51.08 వస్తుంది. అది ఏ లెక్కలోనూ లేని అంకె. వరుస రాశాక ఇన్నింగ్స్‌లోంచి నాటౌట్లు తీసేసి పరుగుల్ని భాగించి చూడండి, కలగాపులగమైతే అక్కడే దొరికిపోతుంది. సట్‌క్లిఫ్‌కు 149 సెంచరీలతో 50,138 పరుగులు, 151తో 50,670.

ప్రశ్న అడిగినవారు
విజ్డెన్ లెక్కే పెడతాను. 1925లో హాబ్స్ పాతతరం ఇంగ్లండ్ ఆటగాడు డబ్ల్యు.జి. గ్రేస్ సెంచరీల రికార్డు దాటాడన్న గమనిక కూడా వేయాలి. అందులో ఇబ్బందేమైనా ఉందా?

జవాబు 2
మీరు విజ్డెన్ ఎంచుకున్నారు కాబట్టి లేదు. ఆ లెక్కలో గ్రేస్‌వి 126. టాంటన్‌లో సోమర్‌సెట్ మీద హాబ్స్ ఆగస్టు 17న 101 కొట్టి సమం చేశాడు, మర్నాడు 101 నాటౌట్‌తో దాటేశాడు. రెండో లెక్కలో గ్రేస్‌వి 124 మాత్రమే. దాని ప్రకారం హాబ్స్ టాంటన్‌కు రాకముందే దాటేసినట్టు! కానీ ఆ రోజు మైదానంలో జనం చప్పట్లు కొట్టింది 126కే. గమనికలో ‘అప్పటి లెక్క ప్రకారం’ అని ఒక మాట చేర్చండి. ఆ ఏడాది ఆయన మొత్తం 16 సెంచరీలు, 3,024 పరుగులు.

జవాబు 3
లేటన్‌లో 1932 జూన్‌లో ఎసెక్స్ మీద యార్క్‌షైర్ ఓపెనర్లు హోమ్స్, సట్‌క్లిఫ్‌ల 555 పరుగుల మొదటి వికెట్ భాగస్వామ్యం కూడా వేస్తారు కదా, అక్కడ జాగ్రత్త. సట్‌క్లిఫ్ 313, హోమ్స్ 224 నాటౌట్, కలిపితే 537. మిగతా 18 ఎక్స్‌ట్రాలు, తప్పనుకుని దిద్దకండి. పాత రికార్డు 1898లో బ్రౌన్, టన్నిక్లిఫ్‌లది, 554. బోర్డు మీద 555 చూసి సట్‌క్లిఫ్ వికెట్ పారేసుకున్నాక బోర్డు 554కి తగ్గింది. స్కోరు పుస్తకంలో ఎక్కని నోబాల్ ఒకటి దొరికాకే మళ్లీ 555 అయింది.