పండుగ రోజు దిగులు: ముక్కూ మొహం తెలియని వారికి చేసే చిన్న సాయం నిజంగా ఊరటనిస్తుందా?

ప్రశ్న:

అమ్మ పోయాక వస్తున్న మొదటి పండుగ ఇది. చుట్టూ సందడి పెరిగేకొద్దీ ఆ రోజు ఎలా గడుస్తుందోనన్న బెంగ నాలో పెరుగుతోంది. బంధువులు రమ్మంటున్నారు గాని, నన్ను చూడగానే వారు మాటలు తగ్గించుకోవడం, వారి కోసం నేను లేని నవ్వు తెచ్చిపెట్టుకోవడం తలుచుకుంటేనే అడుగు ముందుకు పడటం లేదు. ఆ రోజు తెలియని వారికి ఏదైనా చిన్న సాయం చేస్తే మనసు తేలికపడుతుందని ఒకరు సలహా ఇచ్చారు. అది నిజమేనా, లేక దుఃఖం నుంచి తప్పించుకునే దారి మాత్రమేనా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:

నేను నర్సుగా పనిచేస్తున్నాను. పండుగ రోజుల్లో ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవారిని చూస్తూనే ఉంటాను. ఒక పండుగ రాత్రి, భార్యను లోపల చేర్పించిన ఒక పెద్దాయన సామాను వదిలి వెళ్లలేక పొద్దుటి నుంచి అదే కుర్చీలో ఉండిపోయారు. పక్కనున్న అమ్మాయి, "మీ సంచీ నేను చూస్తుంటాను బాబాయ్ గారూ, మీరు వెళ్లి ముఖం కడుక్కుని రండి" అంది. ఆయన తిరిగి వచ్చాక తన ఛార్జరు ఇచ్చింది. ఆగిపోయిన ఫోను వెలిగాక ఆయన దూరంగా ఉన్న కొడుకుతో మాట్లాడగలిగారు. ఆ అమ్మాయి తండ్రి కూడా లోపలే ఉన్నారు. ఆ రాత్రి మొత్తంలో తనకు కాస్త ఊపిరి ఆడింది ఆయనతో మాట్లాడిన ఆ కాసేపేనని ఆమె తెల్లవారుజామున నాతో చెప్పింది. ఆమె దిగులు పోయిందని నేను అనను. అయితే ఆ దిగులుతో ఒంటరిగా కూర్చోవలసిన అవసరం మాత్రం ఆమెకు తప్పింది.

రెండవ జవాబు:

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద మంచి పరిశోధనలే జరిగాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్న 122 మందిని మూడు బృందాలుగా చేసి, ఒక బృందాన్ని వారానికి రెండు రోజులు, రోజుకు మూడు చొప్పున ఇతరులకు చిన్న చిన్న మేళ్లు చేయమన్నారు. మూడు బృందాల్లోనూ లక్షణాలు తగ్గాయి గాని, తోటి మనుషులతో కలిసి ఉన్నామన్న భావన మేలు చేసిన బృందంలోనే ఎక్కువగా పెరిగింది. ఇతరులు తమ గురించి ఏమనుకుంటున్నారోనన్న ధ్యాస తగ్గడం అందుకు ఒక కారణమని వారు గుర్తించారు. బంధువుల చూపుల గురించి మీరు రాసినది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఇదే.

మనం చేసే సాయం మరీ చిన్నదేమోనని వెనకాడవలసిన పని కూడా లేదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, సాయం అందుకున్నవారికి కలిగిన సంతోషం, చేసినవారు ఊహించిన దానికంటే ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

మూడవ జవాబు:

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పదలిచాను. రోజంతా సేవతో నింపేసుకుని ఏడుపుకు చోటు లేకుండా చేసుకుంటే, మీరు భయపడుతున్నట్లు అది తప్పించుకోవడమే అవుతుంది. నాన్నగారు పోయిన ఏడాది నేను ఉదయం ఒక వృద్ధాశ్రమంలో చూపు తగ్గిన ఒకావిడకు ఆమె పాత ఉత్తరాలు చదివి వినిపించాను. మధ్యాహ్నం ఇంట్లో నాన్నగారి ఫొటోలు తీసి చూసుకుంటూ తనివితీరా ఏడ్చాను. ఆ రోజుకు రెండూ కావలసి వచ్చాయి.

ముందే పెద్ద ఏర్పాట్లు పెట్టుకోకండి. గంటలో ముగిసే పని, అలసట అనిపిస్తే మధ్యలో మానుకోగలిగే పని ఎంచుకోండి. బంధువుల్లో మీకు బాగా దగ్గరైనవారికి విషయం చెప్పి, సాయంత్రం ఒకసారి ఫోను చేయమని అడగండి. పండుగ దాటిపోయాక కూడా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి.