ఆండ్రాయిడ్ లైబ్రరీతో పాటు డీబగ్ వేరియంట్ కూడా పబ్లిష్ అయిపోయింది, ఎలా ఆపాలి?

గ్రేడిల్_బాధితుడు: రిలీజ్ వేరియంట్ (బయటికి ఇచ్చే బిల్డు) ఒక్కటే మా మేవెన్ రిపోకి (లైబ్రరీలు దాచే చోటికి) వెళ్లాలి. డీబగ్ (మేం తప్పులు వెతుక్కునే బిల్డు) కూడా వెళ్లింది. గ్రేడిల్ (మా బిల్డు టూల్) ఫైల్లో మల్టిపుల్‌వేరియంట్స్ బ్లాకులో ఆల్‌వేరియంట్స్ అని రాశాను. పైగా మా లైబ్రరీ వాడే టీమ్‌కి ఓకేహెచ్‌టీటీపీ (మేం వాడే నెట్‌వర్క్ లైబ్రరీ) క్లాసులు దొరకట్లేదట, కంపైలే కావట్లేదు. డాక్యుమెంటేషన్ జార్ ఎలా జత చేయాలో కూడా చెప్పండి.

రాత్రి_బిల్డు: ఆల్‌వేరియంట్స్ అంటే అన్నీ వెళ్తాయి మరి. సింగిల్‌వేరియంట్ పెట్టి రిలీజ్ అని రాయండి.

మేవెన్_బాబాయ్: 12 ఏళ్లుగా ఇదే పని నాది. ఓకేహెచ్‌టీటీపీకి ఇంప్లిమెంటేషన్ అని రాసుంటారు, పామ్ ఫైల్లో (లైబ్రరీకి ఏమేం కావాలో రాసుండే ఫైల్లో) అది రన్‌టైమ్ స్కోప్‌గా పడుతుంది, అందుకే వాడేవాళ్లకి కంపైల్ చేసేటప్పుడు కనిపించదు. డిపెండెన్సీలన్నీ ఏపీఐ (వాడేవాళ్లకి కూడా కనిపించేలా) చేసేయండి, పీడా వదిలిపోతుంది. కంపైల్ అని రాసే రోజుల్లో ఈ గోలే లేదు.

చిన్నజార్: ఆ కంపైల్‌ని గ్రేడిల్ 7లోనే పీకేశారు బాబాయ్. అన్నీ ఏపీఐ చేయమని సలహాలివ్వకండి దయచేసి. మా దగ్గర ఒకాయన అదే చేశాడు. జీసన్ అనే లైబ్రరీ మేం లోపల వాడుకోడానికి పెట్టుకున్నది. మేం తీసేసిన రోజు రెండు యాప్‌ల బిల్డులు పడిపోయాయి. వాళ్లు చెప్పకుండా మా దాన్నే వాడేసుకుంటున్నారు!

మేవెన్_బాబాయ్: వాళ్లు చెప్పకుండా వాడుకుంటే తప్పు నాదా?

చిన్నజార్: తలుపు బార్లా తెరిచిపెట్టి దొంగని తిడతారేంటి? పబ్లిక్ ఫంక్షన్ సిగ్నేచర్‌లో కనిపించే టైపు ఉంటేనే ఏపీఐ. ఆయన ఫంక్షన్ ఓకేహెచ్‌టీటీపీ క్లయింట్‌ని తీసుకుంటుంటే అదొక్కటి మార్చితే చాలు.

టెస్ట్‌గోల: మీరు కొట్టుకోండి గానీ, నాది ఇంకో బాధ. జావా లైబ్రరీకి టెస్ట్ ఫిక్చర్స్ (టెస్టులకి కావాల్సిన సహాయక కోడ్) ప్లగిన్ పెట్టాను. ఒకరోజు రిపోలో చూస్తే మా డమ్మీ కస్టమర్ డేటా క్లాసులతో ఇంకో జార్! చెమటలు పట్టేశాయి. కాంపొనెంట్‌లో ఫిక్చర్స్ ఏపీఐకీ రన్‌టైమ్‌కీ విడివిడిగా స్కిప్ రాయాలి. ఒకదానికే రాస్తే రెండోది వెళ్తూనే ఉంటుంది.

రాత్రి_బిల్డు: 2021లో జేసెంటర్ (అందరూ వాడిన పబ్లిక్ రిపో) మూసేస్తామన్నప్పుడు పడ్డ చెమటల ముందు ఇదెంత. శని, ఆదివారాలు రెండూ పోయాయి.

గ్రేడిల్_బాధితుడు: సింగిల్‌వేరియంట్ పనిచేసింది. ఓకేహెచ్‌టీటీపీ ఒక్కటే ఏపీఐ చేశాను. కానీ అదే 1.4.0 వెర్షన్ నంబర్‌తో మళ్లీ పంపితే రిపో ఒప్పుకోలేదు.

చిన్నజార్: 1.4.1 అనండి. పంపేముందు పబ్లిష్‌టుమేవెన్‌లోకల్ (మీ మెషీన్‌లోనే పబ్లిష్ చేసే కమాండ్) కొట్టి, పామ్ తెరిచి చూసుకోండి.

మేవెన్_బాబాయ్: నేను చెప్పింది కూడా ఏపీఐ చేయమనే కదా.

చిన్నజార్: అన్నీ అన్నారు బాబాయ్. అన్నీ!