హోటల్ పూల్‌లో పార్56 (రిఫ్లెక్టర్ ల్యాంపుల్లో ఒక సైజు) హాలోజన్ తీసి ఎల్ఈడీ వేయాలంటే?

ప్రశ్న: 12 వోల్టులు, 300 వాట్ల హాలోజన్‌లు ఎనిమిది ఉన్నాయండి. నీళ్లు తోడేయాలా? పాత ట్రాన్స్‌ఫార్మర్లు పనికొస్తాయా?

జవాబు: తోడక్కర్లేదండి. మెయిన్ ఆపి తాళం వేశాకే పై స్క్రూ విప్పండి. వెనక చుట్టిపెట్టిన కేబుల్‌తో లైటు గట్టు మీదికి వస్తుంది. రాకపోతే గట్టిగా లాగొద్దు, గ్లాండ్ (కేబుల్ లైటులోకి వెళ్లే చోటి బిగింపు) సీల్ పోతుంది. గాస్కెట్ (గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు రింగు) మాత్రం కొత్తదే. పాతది నొక్కుకుపోయి గట్టిపడి ఉంటుంది, మళ్లీ వేస్తే గ్లాసు లోపల ఆవిరి పడుతుంది. స్క్రూలు ఎదురెదురుగా బిగించండి. ఒడ్డు మీద ఎక్కువసేపు వెలిగించి చూడొద్దు, దాన్ని చల్లబరిచేది నీళ్లే.

మరో జవాబు: ట్రాన్స్‌ఫార్మర్ ఎలక్ట్రానిక్ రకమైతే తీసేయండి, ఎల్ఈడీ తీసుకునే 25 వాట్ల లోడ్‌కి లైటు మినుకుమినుకుమంటుంది. కాయిల్ రకమైతే ఉంచొచ్చు. కానీ లోడ్ అంత తగ్గాక సెకండరీ (లైటు వైపు) వోల్టేజీ 12 దాటుతుంది. లైటు వెలుగుతుండగా కొలిచి, ల్యాంప్ మీద రాసిన పరిమితితో పోల్చండి. ఎక్కువుంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేయడమే మేలు. ల్యాంప్ ఏసీ తీసుకునేదే కొనండి.

ప్రశ్న: ఒక లైటు వేస్తే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పడిపోతోంది. ల్యాంప్‌లో నీళ్లు చేరాయా?

జవాబు: ల్యాంప్ కాదండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల కాయిళ్లు విడివిడిగా ఉండేది) అయితే సెకండరీ లీకేజీ ఆ ఆర్‌సీసీబీకి కనపడదు. పంపు గదిలో ప్రైమరీ (మెయిన్ వైపు) వైరింగు, తేమ పట్టిన ట్రాన్స్‌ఫార్మర్ చూడండి.