బెయిల్ షరతు తప్పితే రద్దు పిటిషన్ ఏ కోర్టులో వేయాలి?
మేం బెంగళూరులో, మారతహళ్లి వైపు ఉంటాం. అక్కని కొట్టిన కేసులో (కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో సెక్షన్ 85, భార్యపై క్రూరత్వం; పాత ఐపీసీ 498ఏ) 3 వారాల క్రితం మేజిస్ట్రేట్ కోర్టు బావకి బెయిల్ ఇచ్చింది, అక్కకి ఫోన్ చేయకూడదు, ఇంటివైపు రాకూడదు అని షరతులు పెట్టి. అయినా 2 సార్లు రాత్రి 10:30కి గేటు దగ్గరికొచ్చి కేసు వెనక్కి తీసుకోమని బెదిరించాడు, సీసీటీవీలో ఉంది. 112కి చేస్తే వాళ్లు వచ్చేలోపు జారుకున్నాడు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకుని రసీదిచ్చారు గానీ బెయిల్ సంగతి కోర్టులో చూసుకోండి అన్నారు (మాకు కన్నడ అంతంతమాత్రం, అదో తలనొప్పి). ప్రాసిక్యూటర్‌ని కలిస్తే చూద్దాం అన్నారు, అంతే. బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 480(5) కింద బెయిల్ ఇచ్చిన కోర్టే రద్దు చేయొచ్చని, 483(3) కింద సెషన్స్ కోర్టూ చేయొచ్చని చదివాను. అక్క సొంత లాయర్‌తో వేయాలంటే ముందు మేజిస్ట్రేట్ దగ్గరే వేయాలా, నేరుగా సెషన్స్‌కి వెళ్లొచ్చా?